రెండో మైకు

నన్ను నేను స్టేజీ మీద చూసుకున్నది సనాబిస్‌లో, మా తెలుగు ఫెలోషిప్ కూడుకునే హాల్లో. నా వేషం వేసింది నా కింద పనిచేసే ఉగాండా అమ్మాయి. ఆ మధ్యాహ్నం నేను మైకు పట్టుకుని స్టేజీ పక్కన నిలబడి ఉన్నాను. ముందు వరసలో మా పాస్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ వేషం ఎవరిదో ఆయనకు తెలియదు. నాకు రెండో నిమిషంలోనే తెలిసిపోయింది.

అప్పటికి నేను గోదావరి జిల్లా నుంచి బహ్రెయిన్ వచ్చి పద్నాలుగేళ్లు. సీఫ్‌లో ఒక మాల్‌లో క్లీనింగ్ సూపర్‌వైజర్‌ని. వచ్చిన కొత్తలో నేనూ మాప్ పట్టినదాన్నే. ఏడేళ్లు బాత్రూములు కడిగాను. కడుగుతూనే హిందీ, ఇంగ్లీషు, పని నడిచేంత అరబ్బీ నేర్చుకున్నాను. చివరికి మేనేజరు కంట పడి, నీలం చొక్కా విప్పి తెల్లచొక్కా తొడుక్కున్నాను. మా కంపెనీలో తెల్లచొక్కా అంటే సూపర్‌వైజర్ అని గుర్తు. నా కింద ఇరవై మందికి పైగా ఆడవాళ్లు ఉండేవారు. నేపాల్ వాళ్లు, శ్రీలంక వాళ్లు, మన తెలుగువాళ్లు, కెన్యా, ఉగాండా వాళ్లు.

ఆఫ్రికా అమ్మాయిలంటే నాకు పడేది కాదు. గట్టిగా నవ్వుతారని, చెప్పిన పనికి "ఎందుకు?" అని అడుగుతారని చిరాకు. మిగతావాళ్లు నేను కేకేస్తే తల దించుకునేవారు, వీళ్లు కళ్లలోకి చూసేవారు. నోరు తిరగదన్న వంకతో ఒక్కరినీ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ ఆఫ్రికా, యల్లా యల్లా" అనేదాన్ని, త్వరగా కదలమని. నేల మీద ఏదైనా పడితే వేలితో చూపించి "తీయ్" అనేదాన్ని. పొద్దున డ్యూటీ ఎక్కే ముందు లాకర్ రూంలో అందరూ వరసలో నిలబడేవారు. యూనిఫాం, గోళ్లు, జుట్టు చూడటం నా పని. బాత్రూముల్లో కొట్టే సెంటు డబ్బా ఒకటి పట్టుకుని వరస వెంట నడిచేదాన్ని. ఆఫ్రికా అమ్మాయిల ముందుకి రాగానే గాల్లోకి రెండుసార్లు కొట్టేదాన్ని. మిగతావాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. పన్నెండు గంటలు మాప్ కొడితే ఎవరి ఒళ్లయినా ఒకే వాసన వేస్తుందని నాకు తెలియక కాదు. ఏడేళ్లు ఆ వాసన నా ఒంటిదే.

మా ఫెలోషిప్‌కి సొంత హాలు లేదు. సనాబిస్‌లో ఒక విల్లా కింది అంతస్తు అద్దెకి తీసుకున్నాం. శుక్రవారం పొద్దున మేము, మధ్యాహ్నం ఆఫ్రికావాళ్లు. మేం చెప్పులు వేసుకుని వెళ్తుంటే వాళ్లు డ్రమ్ములు మోసుకుంటూ వచ్చేవారు. ఎన్నో ఏళ్లు అదే గుమ్మంలో ఒకరినొకరు దాటుకున్నాం, ఒక్క మాట లేదు.

ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపారు.

"అమ్మా, వచ్చే వారం ఆఫ్రికా సహోదరులు నాటకం వేస్తున్నారంట. మనల్నీ రమ్మన్నారు. నాటకమయ్యాక అందరూ కూచుని మాట్లాడుకుంటారంట. మనోళ్లకి ఇంగ్లీషు రాదు కదా. మీరు మైకు పట్టుకుని తెలుగులో చెప్పాలమ్మా."

"అలాగే అయ్యగారూ" అన్నాను. ఇంటికెళ్లి మంచి చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

నాటకం నడిపించేది ఒక కెన్యా మనిషి. సీఫ్‌లోనే ఒక ఆఫీసు టవర్‌లో సెక్యూరిటీ గార్డు. తన దేశంలో బడి పిల్లలకి నాటకాలు నేర్పేవాడట. రెండు మైకులు పెట్టారు. ఒకటి అతనికి, ఒకటి నాకు. మొదట అతను మాట్లాడాడు, నేను తెలుగులో చెప్పాను.

"ఇది నల్లవాళ్ల నాటకం. రాసింది మేము, వేసేది మేము, కథ మాది. చూడ్డానికి మాత్రం అందరూ రావచ్చు. అయిపోయాక తలుపులు వెయ్యం. నచ్చింది చెప్పండి, నచ్చనిది ఇంకా గట్టిగా చెప్పండి."

అందరూ చప్పట్లు కొట్టారు.

నలుగురు అమ్మాయిలు నీలం చొక్కాల్లో వచ్చి వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక తెల్లచొక్కాలో ఆ ఉగాండా అమ్మాయి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, నడుముకి తాళాల గుత్తి. నడుస్తూ ఆ గుత్తిని అరచేతిలో కొట్టుకుంటోంది. అలా కొట్టుకోవడం నాకు అలవాటని నాకే తెలియదు, అప్పుడు చూశాను. రెండో చేతిలో సెంటు డబ్బా ఉంది. ఒక అమ్మాయి ముందు ఆగి, ముక్కు ముడిచి, రెండుసార్లు కొట్టింది. "ఏయ్ ఆఫ్రికా! యల్లా యల్లా!" అంది. గొంతు నాదే. చివర సాగదీసే ఆ సాగదీత కూడా నాదే.

హాలంతా ఘొల్లుమంది. మా వాళ్లు కూడా. మా మాల్‌లోనే పనిచేసే ఇద్దరు తెలుగు ఆడవాళ్లు మాత్రం నవ్వు ఆపి నా వైపు చూశారు, వెంటనే తల తిప్పుకున్నారు.

నాటకం అరగంట నడిచింది. ఆ అరగంటలో నేను ఉన్న చోటి నుంచి కదల్లేదు. ఆ అమ్మాయి మీద పడి జుట్టు పట్టుకుని లాగాలనిపించింది. నా అన్నం తింటూ నన్నే ఆడిపోసుకుంటుందా అనుకున్నాను. అది నా అన్నం కాదన్న సంగతి ఆ కోపంలో గుర్తుకు రాలేదు.

అందరూ కుర్చీలు గుండ్రంగా జరుపుకున్నారు. మా ఫెలోషిప్ పెద్దాయన ఒకరు అడిగారు.

"ఇంత ఘోరంగా చేసేవాళ్లు నిజంగా ఉంటారా అని అడగండమ్మా."

అడిగాను. ఉగాండా అమ్మాయి లేచి నిలబడింది. తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. ఇంగ్లీషులో నెమ్మదిగా, ఒక్కో మాట తెంపి చెప్పింది.

"ఉంటారు. ఆమె ఈ గదిలోనే ఉంది. ఆ రెండో మైకు పట్టుకున్నది ఆమే."

ఇంగ్లీషు తెలిసినవాళ్లంతా నా వైపు తిరిగారు. తెలుగువాళ్లు నా నోటి కోసం చూస్తున్నారు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"లేదండీ, ఇదంతా ఉత్త కథే, కల్పించి రాసుకున్నాం అంటోంది."

అవతలి వైపు కుర్చీల్లోంచి ఒక గొంతు వినిపించింది. జిదాఫ్స్‌లో ఒక క్లినిక్‌లో నర్సుగా చేసే కరీంనగర్ వైపు అమ్మాయి. మా ఫెలోషిప్పే.

"అక్కా, ఆమె అట్ల అనలే కదా."

"నువ్వు కూర్చో" అన్నాను మైకులోనే.

ఆమె కూర్చోలేదు. "ఆ మనిషివి నువ్వే అన్నది ఆమె. నీ పేరే చెప్పినట్టు చెప్పింది. నువ్వు ఉత్త కథ అంటున్నవ్."

పాస్టరుగారి మొహంలో నవ్వు ఆరిపోయింది. నేను మైకు కుర్చీలో పడేసి బయటికి వచ్చేశాను. అది పెట్టిన కీచు చప్పుడు గుమ్మం దాటేదాకా వినిపిస్తూనే ఉంది.

తెల్లారి డ్యూటీ చార్టు మార్చాను. ఉగాండా అమ్మాయి పేరు మొదటి అంతస్తులోంచి కొట్టేసి కార్ పార్కింగ్‌లో రాశాను. ఎండాకాలం. పార్కింగ్‌లో నీడ ఉంటుంది గాని ఏసీ ఉండదు. కార్ల పొగ, సముద్రం మీదినుంచి వచ్చే ఉక్క గాలి. మధ్యాహ్నానికి గచ్చు మీద చెప్పు కూడా కాలుతుంది. ఆమె చార్టు చూసింది, నన్ను చూసింది, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అనుకున్నాను. అదీ లేదు. దాంతో నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

ఫెలోషిప్‌లో ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. పైగా కమిటీ పెద్దలే మండిపడ్డారు.

"మన హాల్లో మన ఆడబిడ్డని అవమానం చేస్తారా? ఈ నల్లోళ్లకి ఇక్కడ చోటు ఉండకూడదు" అన్నారు ఒకాయన.

"విల్లా ఓనరుకి ఉత్తరం రాద్దాం" అన్నారు ఇంకొకాయన. "ఇంగ్లీషులో ఎవరు రాస్తారు?"

నేను రాశాను. డ్రమ్ముల గోల అని రాశాను. ఎవరెవరో కొత్త మనుషులు వస్తున్నారని రాశాను. హాలు వాసన వేస్తోందని కూడా రాశాను. కింద మొదటి సంతకం నాదే. నర్సు సంతకం పెట్టనంది. పాస్టరుగారు ఏమీ అనలేదు. ఆ కాగితం మీద తన పేరు లేకుండా మాత్రం చూసుకున్నారు. మూడు వారాల్లో ఆఫ్రికావాళ్ల డ్రమ్ములు, కుర్చీలు గుమ్మం బయటికి వచ్చాయి. మధ్యాహ్నం హాలుకి తాళం పడింది.

గెలిచాననుకున్నాను. సంతోషంగానే ఉన్నాను, అబద్ధం చెప్పను.

ఒకరోజు డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడితే ఆ కెన్యా మనిషి నా దగ్గరికి వచ్చాడు. సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్నాడు. చాలా పొడగరి. పక్కనే నిలబడి రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"నీ ఉత్తరం ఓనరు చూపించాడు. ఇంగ్లీషు బాగుంది."

నేను బస్సు వచ్చే వైపు తిరిగాను.

"ఈ శుక్రవారం జిదాఫ్స్‌లో వేస్తున్నాం. మార్కెట్ వెనక మావాళ్ల హోటల్ ఉంది, మేడ మీద గది. ఈసారి నీ మీద ఇంకో సీను రాశాం. కోపం ఉంటే అక్కడికి వచ్చి చెప్పు. ఉత్తరాలు రాయకు."

"మీ నాటకానికి నేనెందుకు రావాలి?"

"రాకపోయినా నువ్వు అందులో ఉంటావు" అని వెళ్లిపోయాడు.

చూడ్డానికి కాదు, కడిగి పారేద్దామని వెళ్లాను. ఎవరితో వెళ్లాలో తెలియక, సిగ్గు విడిచి నర్సుకే ఫోన్ చేశాను. "వస్త గని, నీ దిక్కు మాట్లాడ్తనని అనుకోకు" అంది.

మేడ మీద గది చిన్నది, కిక్కిరిసి ఉంది. ఆఫ్రికావాళ్లే కాదు, మన తెలంగాణ మేస్త్రీలు ఏడెనిమిది మంది ఉన్నారు. పక్క బిల్డింగ్ పని వాళ్లదే, కింద టీ తాగడానికి వచ్చి పైకి ఎక్కారట. ఈసారి రెండో మైకు నర్సు చేతికి ఇచ్చారు. నేను గోడవార కూర్చున్నాను.

పాత సీనే మళ్లీ వచ్చింది. దాని తర్వాత కొత్తది. తెల్లచొక్కా మనిషి మైకు పట్టుకుని నిలబడుతుంది. ఒకామె "నాకు ఆకలిగా ఉంది" అంటే ఈమె "తనకు కడుపు నిండిందంటోంది" అని చెబుతుంది. ఇంకొకామె "నన్ను కొట్టారు" అంటే "ఒళ్లు పట్టారని చెబుతోంది" అంటుంది. మేస్త్రీలు పగలబడి నవ్వారు. వాళ్లకి తెలుగులో చెబుతున్న నర్సు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడు లేచాను. "ఆపండి!" అన్నాను ఇంగ్లీషులో. "మీకు నా పని తెలుసా? ఒక్క బాత్రూం తడిగా ఉంటే మేనేజరు తిట్టేది నన్ను. ఇరవై మంది తప్పులు నా నెత్తిన పడతాయి. అది ఒక్కసారైనా చూపించారా?"

"మంచిది" అన్నాడు కెన్యా మనిషి. "వచ్చి చూపించు. కానీ తెల్లచొక్కా నీకు ఇవ్వను. అది నువ్వు రోజూ వేస్తూనే ఉన్నావు. వరసలో నిలబడు."

నాకు నాటకాలు కొత్త కాదు. చిన్నప్పుడు మా పేట చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ వేసేవాళ్లం. మరియమ్మ వేషం వెయ్యాలని నాకు చచ్చేంత ఆశ. అది ఎప్పుడూ తెల్లగా ఉండే పిల్లకే వచ్చేది. నాకిచ్చేది హేరోదు రాజు వెనక విసనకర్ర ఊపే దాసీ వేషం. "దీనికి మొహానికి రంగు కూడా అక్కర్లేదు" అని సండే స్కూల్ టీచరమ్మ అందరి ముందు నవ్వేది. నలభై ఏళ్లు దాటాక ఆ గదిలో ఇంకో వరసలో నిలబడుతుంటే ఆమె నవ్వు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అందరూ చూస్తున్నారు. నిలబడ్డాను.

ఉగాండా అమ్మాయి తాళాలు కొట్టుకుంటూ వచ్చింది. నా ముందు ఆగింది. నన్ను పైనుంచి కిందికి చూసి, ముక్కు ముడిచి, డబ్బా నొక్కింది. గాల్లోకి కాదు, నా మెడ మీదికే. చల్లటి తుంపర, వెనకే మల్లెపూల సెంటు ఘాటు. కళ్లు మండాయి. చెయ్యి విసిరి కొట్టాను. డబ్బా ఎగిరి గోడకి తగిలి కింద పడింది.

ఆమె నా కళ్లలోకి చూస్తూ, కింద పడ్డదాన్ని వేలితో చూపించింది.

"ఏయ్ ఇండియా. తీయ్. యల్లా యల్లా."

నేను వంగాను. ఎందుకు వంగానో ఇప్పటికీ చెప్పలేను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు, అది నాటకమని తెలుసు. ఆ గొంతు వినగానే నడుము దానంతటదే వంగింది. డబ్బా తీసి రెండు చేతులతో ఆమెకి ఇచ్చాను. ఎవరో నవ్వబోయి ఆపేశారు. ఆమె డబ్బా తీసుకుని గది వైపు తిరిగింది.

"నేను పదకొండు నెలలు తీశాను" అంది. అంతే. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

నేను వరసలో అలాగే నిలబడిపోయాను. మాట్లాడింది ఒక మేస్త్రీ. నిజామాబాద్ వైపు మనిషి, బూట్లకి సిమెంటు అంటుకుని ఉంది.

"అక్కా, నువ్వు చేసింది తప్పే. గని మేం మాత్రం మంచోళ్లమా? లేబర్ క్యాంపుల ఈళ్లను కాలూ అనే పిలుస్తం. మా ఫోర్‌మెన్ మమ్ముల గాడిద అంటడు, మేం ఈళ్లను కాలూ అంటం. కిందికి కిందికి పోతది ఇది."

నర్సు తడుముకోకుండా అంతా ఇంగ్లీషులో చెప్పింది, నల్లోడా అనే ఆ మాటతో సహా. ఆఫ్రికావాళ్ల వైపు మొహాలు బిగుసుకున్నాయి. వాళ్లలో ఒకతను లేచాడు.

"మేం కూడా మిమ్మల్ని ఒక మాట అంటాం, మీ వెనక" అని ఆ మాట చెప్పాడు. నేనిక్కడ రాయను.

నర్సు అదీ తెలుగులో చెప్పింది. మేస్త్రీలు కుర్చీల్లో కదిలారు. ఒకతను "ఏమన్నవ్ రా భాయ్?" అని లేచాడు, పక్కవాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. కొట్టుకుంటారనుకున్నాను. కొట్టుకోలేదు. గంటసేపు ఒకరినొకరు దెప్పుకున్నారు. ఎవరూ కౌగిలించుకోలేదు, ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. నేనూ చెప్పలేదు. బస్సులో నర్సు పక్కన కూర్చుని దారి పొడుగునా కిటికీ వైపే చూశాను. మెడ మీద సెంటు వాసన పోలేదు. నాకు సిగ్గు కన్నా ఆ అమ్మాయి మీద పగే ఎక్కువగా ఉంది.

మర్నాడు లాకర్ రూంకి వట్టి చేతులతో వెళ్లాను. ఎందుకని ఎవరూ అడగలేదు. వరస చివర ఆమె ఉంది. చార్టులో ఆమె పేరు మళ్లీ మొదటి అంతస్తుకి రాశాను. డ్యూటీ మొదలైన పది నిమిషాలకి ఆమె చార్టు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నన్ను పార్కింగ్‌లోనే ఉంచు."

"అక్కడ వేడి కదా."

"అక్కడ నువ్వుండవు" అంది.

పార్కింగ్‌లోనే రాశాను.

ఉత్తరం వెనక్కి తీసుకుంటానని పాస్టరుగారికి చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా, అయిపోయింది కదా" అన్నారాయన. ఓనరు దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన టీ ఇచ్చి, మధ్యాహ్నం హాలు ఒక ట్యూషన్ సెంటర్‌కి ఇచ్చేశానన్నాడు. "ఖలాస్" అని చేతులు దులుపుకున్నాడు. ఇలా చేశానని తెలిసి కమిటీ పెద్దలు నాతో మాట్లాడటం మానేశారు. ఎవరి కోసం ఆ ఉత్తరం రాశానో వాళ్లే నాకు శత్రువులయ్యారు. శుక్రవారం ప్రార్థనలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. కొన్ని వారాలకి నర్సు వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టింది.

జిదాఫ్స్‌కి మరో రెండు మూడుసార్లు వెళ్లాను. మైకు నాకెవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మేస్త్రీలు ఇంకొంతమందిని వెంటబెట్టుకొచ్చారు. తమ ఫోర్‌మెన్ మీద ఒక సీను రాయమని కెన్యా మనిషి వెంట పడ్డారు. అతను "మీరే రాసుకోండి, మీరే వెయ్యండి" అన్నాడు.

చలికాలం మొదట్లో ఉగాండా అమ్మాయికి వేరే చోట పని దొరికింది, శుక్రవారాలు కూడా డ్యూటీయేనట. కంపెనీ వదిలే కాగితం మీద సూపర్‌వైజర్ సంతకం కావాలి. ఆమె యూనిఫాంలు మడతపెట్టి నా టేబుల్ మీద పెట్టి, కాగితం ముందుకి తోసింది.

"మంచి చోటేనా?" అని అడిగాను.

"నీకెందుకు?"

సంతకం పెట్టాను. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నోటికి వచ్చింది అడిగేశాను.

"మరి ఆ వేషం ఇకనుంచి ఎవరు వేస్తారు?"

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఎవరైనా వేస్తారు. పెద్ద కష్టమేం కాదు" అని వెళ్లిపోయింది.

నేనింకా అదే మాల్‌లో ఉన్నాను, అదే తెల్లచొక్కాలో. ఆమె మళ్లీ కనిపించలేదు. ఎక్కడ పనిచేస్తోందో నర్సుకి తెలుసు. నేను అడిగితే చెప్పదు.